కుక్కా పిల్లీ వద్దు, రొయ్యల గుంట చాలు: పైథాన్ ఓఓపీ నేర్పే 7 ఎక్సర్‌సైజులు

పైథాన్‌లో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, అంటే ఓఓపీ, మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. వేరియబుల్స్ వచ్చు, లూప్స్ వచ్చు, ఫంక్షన్లు రాసేస్తారు. క్లాస్ దగ్గరికి వచ్చేసరికి 'యానిమల్' అని ఒక క్లాస్, దాని కింద 'డాగ్', 'క్యాట్'. ఒకటి భౌ అంటుంది, ఇంకోటి మ్యావ్ అంటుంది. వీడియో అయిపోతుంది. ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం అని నాలుగు డెఫినిషన్లు బట్టీ పట్టి ఇంటర్వ్యూకి వెళ్తారు. అక్కడ 'సరే, ఒక చిన్న కొట్టు బిల్లింగ్‌కి క్లాసులు రాయి' అంటే చెయ్యి ఆడదు.

తప్పు మీ తెలివిది కాదు, ఉదాహరణది. ఆ కుక్క క్లాస్‌లో కాపాడాల్సింది ఏమీ లేదు. కుక్క పేరు తప్పు పడితే ఎవరికీ నష్టం లేదు. లెక్క చెడిపోవడం అనేదే ఉండదు. నా దృష్టిలో క్లాస్ అంటే డేటాకి పెట్టిన కాపలా. మారుతూ ఉండే ఒక వస్తువు, దాని విషయంలో ఎప్పుడూ తప్పకూడని ఒక రూల్, ఈ రెండూ ఉన్నచోటే క్లాస్‌తో పని పడుతుంది. ప్రాక్టీస్ కూడా అలాంటి వాటి మీదే చేయాలి.

నేనుండే నెల్లూరు తీరంలో అలాంటివి కావాల్సినన్ని ఉన్నాయి. ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రోడ్డు మీద వెళ్తే రెండు పక్కలా రొయ్యల గుంటలే. జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బర్, కృష్ణపట్నంలో పోర్టు. వీటిలో ప్రతిదాని వెనుకా ఒక లెక్క ఉంటుంది, ఆ లెక్క తప్పితే డబ్బు పోతుంది. ఈ ఆర్టికల్‌లోని 7 ఎక్సర్‌సైజులూ అక్కడి నుంచి తీసుకున్నవే. మీది నెల్లూరు కాకపోయినా ఇబ్బంది లేదు, కావాల్సిన విషయం అంతా ఇక్కడే చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి. రెడీమేడ్ కోడ్ ఎక్కడా ఇవ్వడం లేదు. ప్రతి ఎక్సర్‌సైజ్‌లో సమస్య, రూల్, చివర్లో రావాల్సిన జవాబు ఉంటాయి. ఆ జవాబుని 'అసర్ట్' స్టేట్‌మెంట్‌గా ముందే రాసి పెట్టుకోండి, తర్వాత క్లాస్ రాయండి. ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే రెండు సెకన్లలో మొత్తం రాసి ఇస్తుంది, కానీ అప్పుడు ప్రాక్టీస్ అయ్యేది దానికి, మీకు కాదు.

ముందుగా ఫోన్ సెటప్

ల్యాప్‌టాప్ లేదని ఆగక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో పైడ్రాయిడ్ 3 యాప్ ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకుండా కూడా పైథాన్ నడుస్తుంది. నెట్ ఉంటే బ్రౌజర్‌లో గూగుల్ కొల్యాబ్ సరిపోతుంది. ఈ ఎక్సర్‌సైజులకి బయటి లైబ్రరీలు ఏవీ అక్కర్లేదు కాబట్టి బడ్జెట్ ఫోన్ అయినా చాలు.

చాలామందికి తెలియని ఫీచర్ ఒకటి ఉంది. పైథాన్ 3లో క్లాస్ పేర్లు, వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలోనే పెట్టొచ్చు. 'గుంట' అని క్లాస్ రాసి, అందులో 'ఎకరాలు', 'పిల్లలు' అని పేర్లు పెడితే నిక్షేపంగా నడుస్తుంది. 'క్లాస్', 'డెఫ్', 'రిటర్న్' లాంటి కీవర్డ్స్ మాత్రం ఇంగ్లీష్‌లోనే ఉండాలి. నేర్చుకునేటప్పుడు దీనివల్ల ఒక లాభం ఉంది: స్క్రీన్ మీద తెలుగులో కనిపించేదంతా మీరు పెట్టిన పేరు, ఇంగ్లీష్‌లో ఉన్నది పైథాన్ ఇచ్చింది. ఏది భాషది, ఏది మనది అనే గందరగోళం మొదటి రోజే పోతుంది. ఉద్యోగంలో టీమ్‌తో రాసేటప్పుడు ఎలాగూ ఇంగ్లీష్ పేర్లే వాడతారు, అప్పుడు మార్చుకోవచ్చు.

ఒక జాగ్రత్త. 'ఫీడ్‌రేటు' లాంటి పదాలు టైప్ చేస్తే కొన్ని కీబోర్డులు మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే క్యారెక్టర్ పెడతాయి. పేర్లలో దాన్ని పైథాన్ ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. చూస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టు ఉంటుంది! అందుకే 'గుంట', 'మేత', 'పడవ' లాంటి పొడి తెలుగు మాటలు వాడండి, లేదా మధ్యలో అండర్‌స్కోర్ పెట్టండి.

ఎక్సర్‌సైజ్ 1: గుంట

నేర్చుకునేది: డండర్ ఇనిట్, సెల్ఫ్, తప్పు డేటాని గుమ్మంలోనే ఆపడం.

ఒక రొయ్యల గుంటకి పేరు, విస్తీర్ణం ఎకరాల్లో, వేసిన పిల్లల సంఖ్య, పిల్లలు వేసిన తేదీ ఉంటాయి. వీటితో 'గుంట' క్లాస్ రాయండి. రెండు మెథడ్స్ కావాలి. ఒకటి సాంద్రత, అంటే చదరపు మీటరుకు ఎన్ని పిల్లలు. రెండోది, ఇచ్చిన తేదీకి పిల్లలు వేసి ఎన్ని రోజులైందో చెప్పాలి. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు అనుకోండి. ఈ సంఖ్య ఏ గుంటకైనా ఒకటే కాబట్టి ఇనిట్ లోపల కాకుండా క్లాస్ లెవెల్‌లో పెట్టండి.

ఇక రూల్. వనామీ రొయ్యకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ గైడ్‌లైన్స్ ప్రకారం చదరపు మీటరుకు 60 పిల్లలకి మించి వేయకూడదు. అంతకు మించితే మీ ఆబ్జెక్ట్ అసలు పుట్టనే కూడదు, ఇనిట్‌లోనే వాల్యూఎర్రర్ రైజ్ చేయాలి.

చెక్: 2 ఎకరాల్లో 2,40,000 పిల్లలు వేస్తే సాంద్రత 29.65 రావాలి. అదే 2 ఎకరాల్లో 5,00,000 వేస్తే 61.77 అవుతుంది, కాబట్టి ఎర్రర్ రావాలి. రెండు గుంటలు క్రియేట్ చేసి ఒకదాని పేరు మార్చండి, రెండోది మారకూడదు.

ఇక్కడ చాలామంది ఎర్రర్ బదులు 'ఎక్కువ అయింది' అని ప్రింట్ చేసి వదిలేస్తారు. ప్రింట్ చేస్తే మెసేజ్ కనిపిస్తుంది, తప్పు గుంట మాత్రం మెమరీలో అలాగే ఉండిపోతుంది. దాని మీద తర్వాత వేసే ప్రతి లెక్కా తప్పే.

ఎక్సర్‌సైజ్ 2: తెల్లవారుజాము రీడింగ్

నేర్చుకునేది: ఒక ఆబ్జెక్ట్ లోపల ఇంకో ఆబ్జెక్ట్, పైథాన్‌లో అందరూ పడే లిస్ట్ ఉచ్చు.

గుంట నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని డీఓ అంటారు. పగలు నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి తయారీ ఉండదు, నాచు కూడా పీల్చుకుంటుంది. అందుకే డీఓ బాగా పడిపోయేది తెల్లవారకముందే. ఏరేటర్లు రాత్రంతా తిరిగేది అందుకే.

'రీడింగ్' అని ఒక చిన్న క్లాస్ రాయండి. అందులో సమయం, డీఓ, పీహెచ్, ఉప్పు శాతం. ఒకసారి తీసిన రీడింగ్‌ని ఎవరూ తర్వాత దిద్దకూడదు. అందుకని దీన్ని డేటాక్లాస్‌గా రాసి 'ఫ్రోజెన్' ఆప్షన్ ట్రూ పెట్టండి. డేటాక్లాస్‌లు పైథాన్ 3.7 నుంచి ఉన్నాయి. ఇప్పుడు ప్రతి గుంటకీ రీడింగ్‌ల లిస్ట్ పెట్టి, లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తక్కువ డీఓ ఉన్నవి మాత్రమే తిరిగిచ్చే మెథడ్ రాయండి.

చెక్: సాయంత్రం 6కి 7.2, అర్ధరాత్రి 5.1, తెల్లవారుజాము 4కి 3.6 ఇస్తే ప్రమాదం లిస్ట్‌లో చివరిది ఒక్కటే ఉండాలి. ఏ రీడింగ్ డీఓ అయినా మార్చబోతే ఎర్రర్ రావాలి.

ఇప్పుడు అసలు ప్రయోగం. ఖాళీ లిస్ట్‌ని కావాలనే ఇనిట్ బయట, ఎకరం కొలత పక్కనే పెట్టండి. మొదటి గుంటకి ఒక రీడింగ్ యాడ్ చేసి రెండో గుంట లిస్ట్ పొడవు ప్రింట్ చేయండి. 1 అని వస్తుంది! ఉత్తరం గుంటలో ఆక్సిజన్ పడిపోతే దక్షిణం గుంటకి అలారం మోగినట్టు. క్లాస్ లెవెల్‌లో పెట్టిన లిస్ట్ అన్ని ఆబ్జెక్టులకీ ఉమ్మడి ఆస్తి. 4,047 మారదు కాబట్టి ఉమ్మడిగా ఉన్నా పర్లేదు, లిస్ట్ మారుతుంది కాబట్టి ఎవరిది వారికి ఇనిట్‌లోనే ఇవ్వాలి. ఈ తేడా చెప్పి గుర్తుంచుకునేది కాదు, ఒకసారి చేసి చూడాల్సింది.

ఎక్సర్‌సైజ్ 3: కౌంట్

నేర్చుకునేది: ప్రాపర్టీ, ఎన్‌క్యాప్సులేషన్ అసలు అర్థం.

రొయ్యల వ్యాపారంలో అందరి నోటా ఉండే మాట కౌంట్. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. 50 కౌంట్ అంటే కిలోకి 50, ఒక్కోటి సగటున 20 గ్రాములు. రొయ్య పెరిగేకొద్దీ కౌంట్ తగ్గుతుంది, రేటు పెరుగుతుంది.

గుంట క్లాస్‌లో సగటు బరువు, కౌంట్ రెండూ కావాలి. కొత్తగా నేర్చుకునే వాళ్లు రెండు వేరియబుల్స్ పెడతారు. వారం తర్వాత బరువు అప్‌డేట్ చేస్తారు, కౌంట్ అప్‌డేట్ చేయడం జరగదు. ఇక ఆ ఆబ్జెక్ట్ ఒకే సమయంలో రెండు మాటలు చెబుతుంది.

సగటు బరువు ఒక్కటే స్టోర్ చేయండి. కౌంట్‌ని ప్రాపర్టీ డెకరేటర్‌తో రాయండి, అడిగినప్పుడల్లా 1000ని బరువుతో భాగించి చెబుతుంది. బరువుకి సెట్టర్ రాసి, సున్నా గానీ మైనస్ గానీ ఇస్తే వాల్యూఎర్రర్ రైజ్ చేయండి. ఇంకో ప్రాపర్టీ మొత్తం బరువు: వేసిన పిల్లలు, బతికిన శాతం, సగటు బరువు గుణించి కిలోల్లో. చివరిగా ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టింది.

చెక్: 2,40,000 పిల్లల్లో 80 శాతం బతికి, సగటు 20 గ్రాములు ఉంటే కౌంట్ 50, మొత్తం బరువు 3,840 కిలోలు. అప్పటికి 5,760 కిలోల మేత వేసి ఉంటే ఎఫ్‌సీఆర్ 1.5. ఇప్పుడు సగటు బరువు ఒక్కటే 25కి మార్చండి. ఇంకేమీ ముట్టుకోకుండా కౌంట్ 40, మొత్తం బరువు 4,800 రావాలి.

ఎన్‌క్యాప్సులేషన్ అంటే 'డేటాని దాచడం' అని నోట్స్‌లో ఉంటుంది. దాచడం దాని పైపై రూపం మాత్రమే. ఒక నిజాన్ని ఒకే చోట ఉంచి, మిగతావన్నీ దాని నుంచే పుట్టేలా చేయడం దాని అసలు పని.

ఎక్సర్‌సైజ్ 4: రెండు లాట్లు కలిపితే

నేర్చుకునేది: డండర్ మెథడ్స్.

పట్టుబడి అయ్యాక రొయ్యలు లాట్లుగా తూకం వేస్తారు. 'లాట్' క్లాస్‌కి కిలోలు, కౌంట్ ఇవ్వండి. రెండు లాట్ల మధ్య ప్లస్ గుర్తు పెడితే కొత్త లాట్ రావాలి. దానికోసం డండర్ యాడ్ రాయాలి.

చెక్: 600 కిలోల 40 కౌంట్ లాట్, 400 కిలోల 60 కౌంట్ లాట్ కలిపితే 1,000 కిలోల 48 కౌంట్ లాట్ రావాలి. 50 వచ్చిందంటే రెండు కౌంట్ల సగటు తీసేశారన్నమాట. కౌంట్లు కలపకూడదు, రొయ్యల సంఖ్య కలపాలి: 600 ఇంటూ 40, 400 ఇంటూ 60, ఒక్కోటి 24,000, మొత్తం 48,000. దాన్ని 1,000 కిలోలతో భాగించాలి. కలిపాక పాత లాట్ చూడండి, అది ఇంకా 600 కిలోలే ఉండాలి. ప్లస్ గుర్తు కొత్తదాన్ని ఇవ్వాలి, పాతవాటిని మార్చకూడదు.

తర్వాత మూడు లాట్లని లిస్ట్‌లో పెట్టి 'సమ్' ఫంక్షన్‌కి ఇవ్వండి. టైప్ఎర్రర్ వస్తుంది. సమ్ తన లెక్కని సున్నాతో మొదలుపెడుతుంది, సున్నాకి లాట్‌ని కలపడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. డండర్ ఆర్‌యాడ్ గురించి చదివి దీన్ని మీరే పరిష్కరించండి. ఇంకా డండర్ రెప్ర్ రాస్తే ప్రింట్ చేసినప్పుడు మెమరీ అడ్రస్ బదులు '600 కిలోలు, 40 కౌంట్' అని కనిపిస్తుంది. డండర్ ఎల్‌టీ రాస్తే లాట్లని సార్ట్ చేయొచ్చు. డండర్ ఈక్యూ రాసినప్పుడు ఒకటి గమనించండి: డండర్ హ్యాష్ కూడా రాయకపోతే ఆ లాట్లని సెట్‌లో పెట్టడం ఇక కుదరదు.

ఎక్సర్‌సైజ్ 5: రేటు ఎవరు చెప్పాలి?

నేర్చుకునేది: కంపోజిషన్, ఇన్‌హెరిటెన్స్ లేకుండానే పాలిమార్ఫిజం.

కొనేవాళ్లు కౌంట్ల వారీగా రేట్లు చెబుతారు. ప్రాక్టీస్ కోసం ఈ పట్టిక తీసుకోండి: 30 కౌంట్‌కి కిలో 450 రూపాయలు, 40కి 380, 50కి 340, 60కి 320, 100కి 240. ఇవి నేను లెక్క సులువుగా రావాలని పెట్టిన అంకెలు, మార్కెట్ రేట్లు కావు.

మొదట తేల్చుకోవాల్సింది ఒకటి: రేటు లాట్ లోపల ఉండాలా? వద్దు. రేటు రోజూ మారుతుంది, లాట్ బరువు మారదు. వేర్వేరు కారణాలతో, వేర్వేరు సమయాల్లో మారేవి వేర్వేరు క్లాసుల్లో ఉండాలి. కాబట్టి 'రేటు_పట్టిక' అని వేరే క్లాస్. దానికి 'ధర' అనే మెథడ్, కౌంట్ ఇస్తే కిలో ధర చెబుతుంది. లాట్‌లో 'విలువ' మెథడ్‌కి పట్టికని ఇన్‌పుట్‌గా ఇవ్వండి.

మరి 47 కౌంట్ వస్తే? పట్టికలో లేదు. ఇక్కడ రెండు రూల్స్ ఉండొచ్చు. మొదటిది మెట్ల రూల్: మన కౌంట్‌కి సమానమైన లేదా దాని పైన ఉన్న మొదటి మెట్టు రేటు, అంటే 50 కౌంట్ రేటు. రెండోది వాలు రూల్: 40కీ 50కీ మధ్య దామాషాగా లెక్కకట్టడం. ఒక్కో రూల్‌కి ఒక్కో క్లాస్ రాయండి. రెండింట్లోనూ మెథడ్ పేరు 'ధర'. లాట్ క్లాస్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకుండా ఏ పట్టిక ఇచ్చినా పని చేయాలి.

చెక్: 1,000 కిలోల 47 కౌంట్ లాట్ విలువ మెట్ల రూల్‌లో 3,40,000, వాలు రూల్‌లో 3,52,000. రెండు పట్టికల్లోనూ 110 కౌంట్ ఇస్తే సున్నా కాదు, ఎర్రర్ రావాలి.

చూశారా, ఒక్క టన్నుకి 12,000 రూపాయల తేడా. కోడ్‌లో ఏ తప్పూ లేదు, రూల్ ఏదో ముందే మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చిన తేడా అది. ఎక్సర్‌సైజ్ 4లోని లాట్లని కూడా ఇదే మెట్ల పట్టికలో వేసి చూడండి. విడివిడిగా అమ్మితే 3,56,000. కలిపి 48 కౌంట్‌గా అమ్మితే 3,40,000. అలాగే ఎక్సర్‌సైజ్ 3లో కౌంట్‌ని వేరే వేరియబుల్‌గా పెట్టి అది 50 దగ్గరే ఆగిపోయి ఉంటే, 4,800 కిలోల మీద కిలోకి 40 చొప్పున 1,92,000 రూపాయలు తక్కువ లెక్క వచ్చేది. మ్యావ్ అనే పిల్లి ఈ విషయం ఎప్పటికీ నేర్పదు.

ఎక్సర్‌సైజ్ 6: పడవ, ఇంజిన్, వేట నిషేధం

నేర్చుకునేది: ఇన్‌హెరిటెన్స్ ఎప్పుడు వాడాలి, ఎప్పుడు మానాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని ఈ నియమం. మరబోట్లకీ మోటార్ పడవలకీ ఇది వర్తిస్తుంది, ఇంజిన్ లేని సంప్రదాయ పడవలకి మినహాయింపు ఉంది.

మొదటి వెర్షన్ ఇన్‌హెరిటెన్స్‌తో రాయండి. 'పడవ' బేస్ క్లాస్, దాని కింద 'తెడ్డు_పడవ', 'మోటార్_పడవ', 'మరబోటు'. ప్రతిదానికీ 'వేటకి_వెళ్లొచ్చా' అనే మెథడ్, తేదీ ఇస్తే ట్రూ లేదా ఫాల్స్. పిల్ల క్లాసుల ఇనిట్‌లో 'సూపర్' వాడి పేరు, పొడవు లాంటివి బేస్ క్లాస్‌కి పంపండి.

చెక్: మోటార్ పడవకి ఏప్రిల్ 14 ట్రూ, ఏప్రిల్ 15 ఫాల్స్, జూన్ 14 ఫాల్స్, జూన్ 15 ట్రూ. నిషేధం ఉన్న రోజులు లూప్‌లో లెక్కపెడితే సరిగ్గా 61 రావాలి. 60 గానీ 59 గానీ వస్తే చివరి తేదీల దగ్గర గుర్తు తప్పు పెట్టారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఒక చిక్కు. తెడ్డు పడవ యజమాని దానికి ఔట్‌బోర్డ్ మోటార్ బిగించాడు. తీరంలో ఇది మామూలే. మీ కోడ్‌లో అది తెడ్డు_పడవ ఆబ్జెక్ట్‌గా పుట్టింది. ఇప్పుడు దాన్ని మోటార్_పడవగా ఎలా మారుస్తారు? పాతది చెరిపి కొత్తది పుట్టించాలి, దాని పాత రికార్డులన్నీ మోసుకురావాలి. మోటార్ రిపేరుకి తీసేస్తే మళ్లీ అదే పని.

రెండో వెర్షన్ కంపోజిషన్‌తో రాయండి. 'పడవ' ఒక్కటే క్లాస్. దాని లోపల 'ఇంజిన్' అనే ఇంకో ఆబ్జెక్ట్ ఉంటుంది, లేదా నన్ ఉంటుంది. బిగించడానికి ఒక మెథడ్, తీయడానికి ఒక మెథడ్. నిషేధ కాలాన్ని కూడా మొదలు, ముగింపు తేదీలతో వేరే క్లాస్ చేయండి. అప్పుడు పడమటి తీరానికి జూన్ 1 నుంచి జూలై 31 అని ఇంకో ఆబ్జెక్ట్ ఇస్తే అదే కోడ్ అక్కడా పని చేస్తుంది. అదీ 61 రోజులే, లూప్‌తో చెక్ చేసుకోండి.

చెక్: మే 1న ఇంజిన్ లేని పడవకి ట్రూ. ఇంజిన్ బిగించాక అదే ఆబ్జెక్ట్‌కి ఫాల్స్. తీసేశాక మళ్లీ ట్రూ.

ఈ రెండు వెర్షన్లూ రాసిన వాళ్లకి 'ఈజ్ ఏ', 'హ్యాజ్ ఏ' తేడా ఇంకెవరూ చెప్పక్కర్లేదు. వస్తువు జీవితకాలంలో మారిపోగలిగే లక్షణాన్ని ఇన్‌హెరిటెన్స్‌తో కట్టేయకూడదు. జీవితాంతం మారని తేడాలకీ, ప్రవర్తన నిజంగా వేరుగా ఉన్నచోటకీ మాత్రమే పిల్ల క్లాసులు.

ఎక్సర్‌సైజ్ 7: పోర్టులో క్యూ

నేర్చుకునేది: చాలా ఆబ్జెక్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం.

ఓఓపీ పుట్టిందే ఇలాంటి సమస్యల కోసం. 1960లలో నార్వేలోని ఓస్లోలో ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ నిజ జీవితంలోని వ్యవస్థల్ని కంప్యూటర్‌లో నడిపి చూడటానికి, అంటే సిమ్యులేషన్ కోసం, సిములా అనే భాష చేశారు. సిములా 67లో క్లాస్, సబ్‌క్లాస్ అనే ఆలోచనలు వచ్చాయి. ఈ పనికి వాళ్లిద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. పైథాన్ మొదటి వెర్షన్ వచ్చింది 1991లో. మనం ఈరోజు ఫోన్‌లో రాస్తున్న క్లాస్‌కి అంత వెనకటి చరిత్ర ఉంది.

మీ పని చిన్నది. కృష్ణపట్నం లాంటి పోర్టు ఊహించుకోండి. 'ఓడ'కి వచ్చిన గంట, సరుకు దించడానికి పట్టే గంటలు తెలుసు. 'బెర్త్'కి తను ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలుసు. 'పోర్టు'కి బెర్త్‌ల లిస్ట్ ఉంది, ముందు వచ్చిన ఓడని అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యే బెర్త్‌కి పంపుతుంది. అన్ని ఓడలూ కలిపి ఎన్ని గంటలు ఎదురుచూశాయో చెప్పాలి.

చెక్: మూడు ఓడలు 0, 2, 3 గంటలకి వచ్చాయి, వాటికి వరుసగా 10, 6, 5 గంటలు కావాలి. 2 బెర్త్‌లు ఉంటే మూడో ఓడ 5 గంటలు ఆగి 13వ గంటకి పని ముగిస్తుంది. మొత్తం ఎదురుచూపు 5 గంటలు. ఒక్క బెర్త్ అయితే 21 గంటలు. 3 బెర్త్‌లు అయితే సున్నా.

రాసేటప్పుడు ప్రతి లైన్ దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ విషయం ఎవరికి తెలియాలి? ఓడకి బెర్త్‌ల లిస్ట్ తెలియక్కర్లేదు. బెర్త్‌కి క్యూలో ఎవరున్నారో తెలియక్కర్లేదు. పోర్టు క్లాస్ లోపలికి వెళ్లి బెర్త్ ఖాళీ సమయాన్ని నేరుగా మార్చేస్తుంటే ఆగండి, 'ఈ ఓడని తీసుకో' అని బెర్త్‌కి చెప్పి ఆ మార్పు దాన్నే చేసుకోనివ్వండి. అబ్‌స్ట్రాక్షన్ అనే డెఫినిషన్ అప్పుడు పనిగా కనిపిస్తుంది.

ఎలా ప్రాక్టీస్ చేయాలి?

రోజుకి ఒకటి అని పరుగు పెట్టొద్దు. 1 నుంచి 3 వరకు ఒక వారం, 4, 5 ఒక వారం, 6, 7 ఇంకో వారం తీసుకోండి. ఫైల్ ఓపెన్ చేయకముందు కాగితం మీద మూడు లైన్లు రాయండి: ఇందులో మారేది ఏంటి? ఎప్పుడూ తప్పకూడని రూల్ ఏంటి? ఆ రూల్‌ని కాపాడే బాధ్యత ఏ క్లాస్‌ది? ఈ మూడింటికీ జవాబు లేకపోతే అక్కడ క్లాస్ అవసరం లేదు, ఒక ఫంక్షన్ చాలు. ఎకరాల్ని చదరపు మీటర్లకి మార్చడానికి క్లాస్ రాయడం పైథాన్‌లో వృథా పని. క్లాస్ రాయకూడని చోటు తెలియడం కూడా ఓఓపీలో భాగమే.

ఏడూ అయ్యాక బోనస్ కావాలంటే గుంటలన్నిటినీ జేసన్ ఫైల్‌లో సేవ్ చేసి, క్లాస్‌మెథడ్‌తో మళ్లీ లోడ్ చేయండి. తేదీలు జేసన్‌లోకి నేరుగా వెళ్లవు, వాటిని స్ట్రింగ్‌గా మార్చి రాసి, చదివేటప్పుడు తిరిగి తేదీగా మార్చాలి. ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేశాక కూడా రాత్రి 3.6 రీడింగ్ అలాగే ఉంటే, మీ చేతిలో ఉన్నది ఇక ఎక్సర్‌సైజ్ కాదు, వాడుకోదగిన ఒక చిన్న యాప్.

మీ చుట్టుపక్కల రొయ్యల గుంట లేకపోతే పాల కేంద్రం ఉంటుంది. అక్కడ కౌంట్ బదులు వెన్న శాతం. మామిడి మండీ ఉంటే గ్రేడ్లు, మిల్లు ఉంటే ధాన్యంలో తేమ శాతం. అక్కడ పని చేసే మనిషిని 'ఏ లెక్క తప్పితే మీకు నష్టం?' అని అడగండి. ఆయన చెప్పిన మొదటి వాక్యంలోనే మీ తర్వాతి క్లాస్ ఉంటుంది.